చుక్కి చెవులు

"ఏమ్మే, లద్దె మళ్ల ఎత్తొచ్చు. గుర్రప్పిల్లను తోలుకోని లోపలికి రా. ఇశ్రాయేలు వస్తాండాడు" అని మా అత్త హులిగమ్మ గడప లోపలి నుంచే కేకేసింది.

నేను మోచేతుల దాకా గుర్రపు లద్దెలో ఉన్నాను. పొయ్యి మీద ఉలవలు ఉడుకుతున్నాయి. తొట్టిలో నీళ్లు సగమే నింపాను. ఉయ్యాలలో పాప అప్పుడే కదులుతోంది. ఆ ఇంట్లో గుర్రాలకు సంబంధించిన ప్రతి పనీ నాదే. గడ్డి కోసుకురావాలి, ఉలవలు ఉడకబెట్టాలి, ఒళ్లు రుద్దాలి, గిట్టల సందుల్లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి, ఒంటికి పోసిన చోట బూడిద చల్లాలి. కానీ ఎవరైనా వచ్చి "గుర్రం నిగనిగలాడతాంది గదన్నా" అంటే మా మామ అయ్యన్న మీసం మీద చెయ్యి వేసుకుని "సూసుకోవల్ల గదప్పా, కన్నబిడ్డ లెక్క సూసుకోవల్ల" అనేవాడు. ఆ మాట ఆయన నోట్లో ఉండగానే నేను లద్దెతట్ట నెత్తిన పెట్టుకుని ఆయన పక్కనుంచే నడిచిపోయేదాన్ని.

ఆదోని స్టేషను వెనక జట్కాల వాళ్ల వీధి మాది. మామ, నా మొగుడు బసన్న ఒకే బండిని వంతులేసుకుని తోలేవాళ్లు. రైలు దిగినవాళ్లను బస్టాండుకో పత్తి మార్కెట్టుకో చేర్చడం వాళ్ల పని. ఆ బండికి బీజాలు తీయించిన ఒక ముసలి గుర్రం ఉండేది. ఇంటికి అసలు ఆసరా మాత్రం చుక్కి. చుక్కి గోడిగ, అంటే ఆడగుర్రం. నుదుట తెల్ల మచ్చ ఉంది కాబట్టి ఆ పేరు. అది ఈనిన పిల్లలను పెంచి అమ్మితేనే ఇంటికి కప్పూ, ఒంటికి బట్టా. ఆ యేడు శివరాత్రికి ముందు ఒక ఆడపిల్లను ఈనింది. మళ్లీ చూడి కట్టాలంటే ఎమ్మిగనూరు నుంచి ఇశ్రాయేలు తన పోతుగుర్రం సుల్తానును నడిపించుకుని రావాలి.

అతను వచ్చిన రోజు మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. గోడిగను పోతుగుర్రంతో దాటించేటప్పుడు వాకిట్లో మగవాళ్లు మాత్రమే ఉండాలి. ఆడవాళ్లు లోపలికి పోయి గడియ పెట్టుకోవాలి. గోడిగ కింద పాలు తాగే పిల్ల ఉంటే దాన్ని కూడా ఇంట్లోకి తోలాలి. తల్లిని ఆ స్థితిలో పిల్ల చూడకూడదట, చూస్తే పెద్దయ్యాక బండికి లొంగదట. మా మామకు వాళ్ల నాయన చెప్పాడు, ఆయనకు వాళ్ల నాయన చెప్పి ఉంటాడు.

అందుకే ఆ రోజు ఒకే గదిలో అత్త, నేను, నా ఒళ్లో పాప, మంచం కోడుకు కట్టిన గుర్రప్పిల్ల. అత్త గోడవైపు తిరిగి చేటలో జొన్నలు ఏరుకుంటోంది. బయట గిట్టల చప్పుడు, ఆ వెంటనే ఇశ్రాయేలు గొంతు. అతని పద్ధతి నాకు వినికిడిమీద తెలుసు. నడుమెత్తు మట్టిగోడకు అవతల సుల్తానును నిలబెట్టి ముందు గోడిగకు వాసన చూపిస్తాడు. గోడిగ ఎదలో ఉంటే కదలకుండా నిలబడుతుంది. లేకపోతే తంతుంది, తన్నినా ఆ దెబ్బ గోడకే తగులుతుంది. నిలబడితేనే పోతును ఇవతలికి తెస్తాడు.

సుల్తాను సకిలించింది. నా పక్కన గుర్రప్పిల్ల సన్నగా, గొంతు పగిలేట్టు అరిచింది. బయటనుంచి చుక్కి దానికి బదులు చెప్పింది. తలుపు చెక్కల సందులో నుంచి నేను చూశాను. చూడకూడదు, కానీ చూశాను. ధన్‌మని గోడకు దెబ్బ తగిలి మట్టిపెళ్ల రాలింది.

"లేదు మామా, ఇది ఎదలో లేదు" అన్నాడు ఇశ్రాయేలు. "బలవంతంగా ఎక్కిచ్చేది నాకు సేతకాదు. సుల్తాను కాలిరిగితే నా సంసారం ఇరిగినట్టే."

"శివరాత్రి అయినాక తెస్తే తన్నె. ఉగాదికి తెస్తే తన్నె." మా మామ ఉమ్మేసిన చప్పుడు వినబడింది. "ఇది గొడ్డుబోయింది అబ్బయా. ఇంగొక్కసారి సూస్తా. అప్పుడు కూడా తన్నితే బళ్లారి బేరగాడికి తోలేస్తా. పిల్లను పెట్టుకుంటా, తల్లిని తోలేస్తా."

గుర్రప్పిల్ల ఇంకా పూర్తిగా గడ్డి కొరకడం నేర్చుకోలేదు. దాని మూతి మీద ఉదయం తాగిన పాలు ఎండి చారలు కట్టి ఉన్నాయి. నేను నా పాపను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అది ఏడుపు లంకించుకుంది.

చుక్కి ఎదలోనే ఉందని నాకు తెలుసు. ఆ ముందురోజు సాయంత్రం బండి నుంచి విప్పిన ముసలి గుర్రం తొట్టి దగ్గరికి రాగానే చుక్కి నీళ్లు తాగడం ఆపేసింది. వెనక్కి తిరిగి నిలబడి తోక పక్కకు తీసింది. వెనక కాళ్లు ఎడంగా పెట్టి కొంచెం వంగి, కొద్దికొద్దిగా ఒంటికి పోసింది. దాని తోక కింది పెదవులు రెప్పలు కొట్టినట్టు తెరుచుకుని మూసుకున్నాయి. పాపం ముసలిదానికి ఏమీ పట్టదు, నీళ్లు తాగి పోయింది. చుక్కి మాత్రం చాలాసేపు అట్లాగే నిలబడింది. మామూలు రోజుల్లో ఆ ముసలిది దగ్గరికొస్తే పళ్లు చూపించి తరిమేస్తుంది. పిల్ల దాని ముందుకాళ్ల దగ్గర ఆడుకుంటోంది. ఇదంతా నేను చేతిలో చేద పట్టుకుని చూశాను. ప్రతి నెలా చూస్తూనే ఉన్నాను. నా పని అక్కడే కదా.

చూడటం వేరు, చెప్పడం వేరు. నేను ఎమ్మిగనూరు పిల్లను. మా నాయన నూలుమూటలు బండి మీద మగ్గాల ఇళ్లకు చేర్చేవాడు. ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి కడుపునొప్పితో వచ్చాను. చీకటి పడేలోపే వీధి మొత్తానికి తెలిసిపోయింది. నన్ను మూలన కూర్చోబెట్టారు, చిమ్మిలి తినిపించారు, పాటలు పాడారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి "ఈరమ్మ పెద్దమనిషయిందంటనే" అని నవ్వుకుంటూ పోయారు. నా పుస్తకాల సంచి అటకెక్కింది. మళ్లీ దిగలేదు. నా ఒంట్లో జరిగిన సంగతి ఊరంతా నోరారా చెప్పుకోవచ్చు. గోడిగ ఒంట్లో జరిగేది మాత్రం దాని లద్దెత్తే నేను పెదవి కదిపి అనకూడదు. ఇదెక్కడి సిగ్గో నాకు అర్థమయ్యేది కాదు.

అయినా ఆ రోజు బసన్నతో అన్నాను. అతను అన్నం కలుపుతున్నవాడల్లా చెయ్యి ఆపాడు. "నేను పోయి మా నాయనకు ఏమని సెప్పల్ల? నా పెండ్లాం గుర్రం ఎనక నిలబడి సూసిందనా? నలుగురు వింటే నా మొగం యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు. అత్తతో అంటే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇట్లాటి మాటలు మీ అమ్మ నేర్పిచ్చిందా, బడిలో నేర్పిచ్చినారా?" అంది.

అసలు నన్ను తొలిచేస్తున్నది మరొకటి. చుక్కి ఎదలో ఉన్న మాట నిజమైతే తన్నడం ఎందుకు? ముసలి గుర్రం ముందు నిలబడింది, సుల్తాను ముందు ఎందుకు నిలబడలేదు? సుల్తాను నల్లగా, నీళ్లు పోసిన బండలా మెరిసిపోయే గుర్రం. ఇశ్రాయేలు దాన్ని కసిరి కూడా ఎరుగడు. ఇదంతా రోజూ ఆలోచించేదాన్ని. రొట్టె తట్టేటప్పుడు ఆలోచించి రొట్టె మాడ్చేదాన్ని.

నా ఆలోచన ఏదైనా సగంలోనే తెగిపోయేది, ఎందుకంటే మిగతా సగం ఎప్పుడూ పాప దగ్గరే ఉండేది. పాపకు జ్వరం వచ్చి ఒకసారి ఫిట్సు వచ్చాయి. నా చేతుల్లోనే కళ్లు పైకి తేలేసి కొయ్యలా బిగుసుకుపోయింది. ఆసుపత్రికి బండిలో పోతుంటే దారంతా దాని ముక్కు దగ్గర నా చెంప పెట్టుకుని కూర్చున్నాను. చిన్నపిల్లలకు జ్వరంలో అట్లా అవుతుంది, భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆమెకు భయం లేదు. నాకు ఆ రోజు నుంచి చెవులు మనిషి చెవుల్లా లేవు. గడ్డి కోస్తున్నా, నీళ్లు చేదుతున్నా, నిద్రపోతున్నా ఒక చెవి ఉయ్యాల దగ్గరే. పాప ఏడిస్తే భయం, ఏడవకపోతే ఇంకా భయం. "లోకంలో నువ్వొక్కదానివే కన్నట్టు సేస్తాండావు. నేను ఆరుమందిని కన్యా. ముగ్గురు పోయినారు, ముగ్గురున్యారు. ఏడ్సుకుంట కూసుంటే పని అయితాదా?" అనేది అత్త. ఆ మాటతో నాకు ధైర్యం వస్తుందని ఎట్లా అనుకునేదో.

బసన్న బాధ ఇంకొకటి. అతను చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. కానీ పక్కన పడుకుంటే నన్ను అడిగేది ఏమీ ఉండదన్నట్టు చెయ్యి వేసేవాడు. నేను చెవులు ఉయ్యాలకు అప్పగించి, కళ్లు మూసుకుని, ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. "కట్టెను పట్టుకున్నట్టుంటాది" అని అటు తిరిగేవాడు. మరుసటి రోజు ఆ కట్టే లేచి ఉలవలు ఉడకబెట్టేది.

ఒక మధ్యాహ్నం అతను బండి తండ్రికి అప్పగించి ఇంటికి వచ్చాడు. అత్త పాపను ఎత్తుకుని పక్కవీధిలో మేరమ్మ ఇంటికి పోయింది. ఇంట్లో ఇద్దరమే. అతను గడియ పెట్టాడు. నేను వద్దనలేదు. వద్దనడం ఒకటి ఉంటుందని నాకు తెలియదు. కాసేపటికి దూరంగా ఎవరి బిడ్డో ఏడ్చింది. నా పాపే అనిపించింది. అంతే, నా ఒళ్లు నా మాట వినలేదు. రెండు చేతులతో, మోకాళ్లతో అతన్ని తోసేశాను. అతను మంచం మీదినుంచి జారి కింద పడ్డాడు.

"థూ! నువ్వూ ఆ చుక్కీ ఒగటే జాతి. దగ్గరికొస్తే తన్నేదే తెలుసు" అన్నాడు మోచెయ్యి రుద్దుకుంటూ.

నేను పరుగెత్తి మేరమ్మ ఇంటికి పోయేసరికి పాప చక్కగా మరమరాలు నోట్లో కుక్కుకుంటూ నవ్వుతోంది. ఏడ్చింది వేరే బిడ్డ. పాపను చంకనేసుకుని వెనక్కి వస్తూ వీధి మధ్యలో ఆగిపోయాను. తలుపు సందులోనుంచి ఆ రోజు చూసింది కళ్లముందుకు వచ్చింది. చుక్కి కాళ్లు గోడను తన్నుతున్నాయి, నిజమే. అందరూ కాళ్లే చూశారు. మరి దాని చెవులు? పోతు మీద కోపమైతే గుర్రం చెవులు వెనక్కి మెడకు అంటుకుపోతాయి. చుక్కి చెవులు నిక్కబొడుచుకుని మా తలుపువైపు తిరిగి ఉన్నాయి. గడియ వెనక అరుస్తున్న పిల్లవైపు. దానికి సుల్తాను అక్కడ ఉన్నట్టే తెలియదు. నాకు బసన్న ఉన్నట్టు తెలియనట్టే.

ఆ తర్వాతి ఎద కోసం కాచుకుని కూర్చున్నాను. వైశాఖం ఎండలు ముదిరాక ఒక సాయంత్రం చుక్కి మళ్లీ ముసలి గుర్రానికి తోక పక్కకు తీసి నిలబడింది. ఆ రోజు నేనొక పని చేశాను. గుర్రప్పిల్లను తాడు పట్టి ఇంటి వెనక్కి తీసుకుపోయాను. రెండు నిమిషాలు కాలేదు, చుక్కి కేక, వెనకే దెబ్బ, ముసలి గుర్రం తొట్టి వదిలి పరుగు. పిల్లను మళ్లీ దాని ముందుకు తెచ్చి నిలబెట్టాను. చుక్కి దాన్ని తోకనుంచి మూతిదాకా వాసన చూసింది. పెద్దగా ఊపిరి వదిలింది. ముసలిది భయంభయంగా తొట్టి దగ్గరికి రాగానే మళ్లీ కాళ్లు ఎడం చేసింది. నేను ఒక్కదాన్నే ఆ వాకిట్లో నిలబడి నవ్వాను. పాప పుట్టాక నేను పైకి నవ్వడం అదే మొదలేమో.

మామ కాళ్లు కడుక్కోవడానికి వచ్చాడు. చెంబు అందిస్తూ అన్నాను. "మామా, చుక్కి ఎదకొచ్చింది. ఇశ్రాయేలన్నకు కబురు పంపండి."

చెంబు ఆయన చేతిలో ఆగిపోయింది. ఆయన నా మొహం చూడలేదు, చెంబునే చూశాడు. తర్వాత లోపలికి తిరిగి, నేనక్కడ లేనట్టు, "హులిగీ, నీ కోడలికి మానం మర్యాద నేర్పు" అన్నాడు. అత్త నన్ను లోపలికి లాగి తొడపాశం పెట్టింది. కానీ తెల్లవారగానే ఆయన బస్టాండుకు పోయి ఎమ్మిగనూరు బస్సు డ్రైవరుతో ఇశ్రాయేలుకు కబురు చెప్పించాడని బసన్నే చెప్పాడు. ఎంత సిగ్గయినా గుర్రం గుర్రమే కదా.

మరుసటి పొద్దున్నే ఇశ్రాయేలు వచ్చాడు. "స్తోత్రం మామా, ఈసారన్నా నా సుల్తానుకు మర్యాద జరుగుతాదా?" అంటూ నవ్వాడు. మామ నవ్వలేదు. "ఇదే ఆఖరు. బళ్లారాయన మార్కెట్టు కాడనే దిగినాడు. మజ్జాన్నం వస్తానన్యాడు" అన్నాడు. ఇంటివైపు తిరిగి దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం మాకు తెలుసు. గుర్రప్పిల్లను తోలుకుని నేను లోపలికి పోయాను. అవును, పోయాను. అన్నీ తెలిసి కూడా కాళ్లు వాటంతట అవే లోపలికి నడిచాయి. అలవాటు అంత గట్టిది.

గడియ పడింది. పిల్ల అరిచింది. బయట చుక్కి అరిచింది. గోడకు దెబ్బ. ఇంకో దెబ్బ. "పట్టుకో బసన్నా, పట్టుకో!" అని ఇశ్రాయేలు కేక. మూతికి తాడు మెలేసి పట్టుకున్నారు, అయినా ఆగలేదు.

"ఇంగ సాలు" అన్నాడు మామ. ఆయన గొంతు అలిసిపోయి ఉంది. "రే బసన్నా, మార్కెట్టుకు పో. ఆయప్పను పిల్చుకోని రా. ఈపొద్దే తోలేస్తాం."

అప్పుడు నేను పాపను అత్త ఒళ్లో పెట్టాను. నా అంతట నేను పాపను ఇంకొకరి చేతిలో పెట్టడం అదే మొదలు. అత్త బిత్తరపోయి చూసింది. గడియ తీశాను.

"ఏమ్మే! యాడికి పోతాండావు? మగోళ్లున్యారు ఆడ!"

"అత్తా, నువ్వు పాపనెత్తుకోని గడప మీదికి రా. లోపల ఉండొద్దు. నాకు కనపడేట్టు కూసో."

"నాకు సిగ్గుండాది!"

"కండ్లు మూసుకో. పాపను మాత్రం నాకు కనపడనీ."

గుర్రప్పిల్ల తాడు పట్టుకుని వాకిట్లోకి నడిచాను. ఎండ కళ్లలో కొట్టింది. ముగ్గురు మగవాళ్లు, రెండు గుర్రాలు, అందరూ ఒక్కసారిగా నావైపు తిరిగారు. బసన్న మొహం సున్నం కొట్టినట్టయింది.

"లోపలికి పో" అన్నాడు మామ. గట్టిగా అనలేదు. అంత ఆశ్చర్యంలో గట్టిగా అనడం మరిచిపోయాడు.

"పోను మామా. అది సుల్తానును తన్నడంలేదు. తలుపును తంతాంది. దాని పిల్లను మనం దాచిపెట్టినాం. యాడుందో తెలియక పిచ్చెత్తి తంతాంది. పిల్లను దాని ముందర నిలబెడతా. అప్పుడు కూడా తన్నితే బళ్లారాయనకు నేనే తాడు అందిస్తా."

"పిల్ల సూడగూడదు" అన్నాడు మామ. "అది తప్పు."

"తల్లీపిల్లను ఇడదీసి అమ్మేది తప్పు కాదా మామా?"

ఆ మాట నేనే అన్నానా అని నాకే అనుమానం వచ్చింది. తల తిప్పి గడప చూశాను. అత్త కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. ఆమె ఒళ్లో పాప కళ్లు పత్తికాయల్లా విప్పి అన్నీ చూస్తోంది. సరే, బాగుంది. నా ఒళ్లు కుదుటపడింది.

ఇశ్రాయేలు తలపాగా సర్దుకున్నాడు. "మామా, ఎట్లాగూ తోలేసే గుర్రమే కదా. ఇంగోసారి సూస్తే పోయేదేముండాది? మ్మేయ్ ఈరమ్మా, పిల్లను ఆ పక్క పట్టుకో. సుల్తాను కాళ్లకిందికి రానీయొద్దు."

పిల్లను చుక్కి మూతికి అందేంత దగ్గరగా, గోడకు దూరంగా నిలబెట్టాను. చుక్కి దాని మీదికి మెడ చాపి గుండెల నిండా పీల్చుకుంది. పెదవులతో దాని జూలు తడిమింది. చెమటతో నురగలు కక్కుతున్న ఆ ఒళ్లు అందరూ చూస్తుండగానే ఒక్కొక్క కండగా వదులైంది. ముందు మెడ, తర్వాత వీపు, తర్వాత తొడలు. నేను బసన్నతో "మూతి తాడు ఇప్పు" అన్నాను. అతను వాళ్ల నాయనను చూశాడు. నాయన చూపు చుక్కి మీదే ఉంది. బసన్న తాడు విప్పాడు.

సుల్తాను గోడమీదుగా తల చాపి చుక్కి పక్కటెముకలను వాసన చూసింది. చుక్కి చెవులు మొదటిసారి దానివైపు తిరిగాయి. తిరిగి, మెత్తగా పక్కలకు వాలాయి. తోక లేచి పక్కకు పోయింది. వెనక కాళ్లు ఎడమయ్యాయి. నేను చూసిందంతా, నేను చెప్పకూడదన్నదంతా, పట్టపగలు, మా మామ కళ్లముందు జరిగింది.

"ప్రభువా" అన్నాడు ఇశ్రాయేలు. "నిలబడిందిరా!"

చుక్కి తోకకు గుడ్డ చుట్టి, వెనక కాళ్లకు తాడు వేసి, సుల్తానును గోడ ఇవతలికి తెచ్చాడు. నేను తల దించుకోలేదు. కొంగు మొహం మీదికి లాక్కోలేదు. నా ఎడమ చెయ్యి పిల్ల మెడ చుట్టూ, కుడి చెయ్యి చుక్కి చెంప మీద. దాని ఊపిరి నా అరచేతిలో వెచ్చగా ఆడుతోంది. అది పూర్తయ్యేదాకా చుక్కి ఒక్క అడుగు కదల్లేదు, తన్నలేదు, మధ్యమధ్యలో వంగి పిల్లను వాసన చూసుకుంది. ఆ కాసేపూ నా పాప ఊపిరి కోసం నేను చెవులు రిక్కించలేదని తర్వాత గుర్తొచ్చింది. కళ్లెత్తితే కనబడుతోంది కదా.

మధ్యాహ్నం బళ్లారి బేరగాడు వచ్చి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. "ఇంగో నెల సూస్తానప్పా" అన్నాడు మామ. పూర్తిగా ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు. బేరగాడు పళ్లు కుట్టుకుంటూ పోయాడు. వీధిలో ఆ సాయంత్రం నా పేరు మోగిపోయింది. కుళాయి దగ్గర జయమ్మ "ఏమ్మే ఈరీ, పెండ్లి పెద్దవి నువ్వేనంట గదా, తాంబూలాలేవీ?" అంటే ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే ఎగతాళి అక్కడికే ఆగిపోతుందని ఆ రోజే తెలిసింది. ఇంట్లో మాత్రం బసన్న మూడు పూటలు నాతో మాట్లాడలేదు. "మా నాయన ముందర నన్ను బొమ్మను సేసినావు" అన్నది మాట్లాడిన మొదటి మాట.

మళ్లీ ఎద రావలసిన వారం వచ్చింది. చూడి కట్టిందో లేదో తెలియాలంటే పోతును మళ్లీ చూపించాల్సిందే. ఇశ్రాయేలు వచ్చాడు. మామ ఇంటివైపు తిరగలేదు, దగ్గలేదు. నేను పిల్లను పట్టుకుని చుక్కి ముందు నిలబడ్డాను. సుల్తాను గోడమీదుగా తల చాపిందో లేదో, చుక్కి పళ్లు బయటపెట్టి కీచుమంది. రెండు కాళ్లూ ఎత్తి గోడను తన్నింది.

బసన్న తల పట్టుకున్నాడు. "పాయె! మళ్లీ మొదటికొచ్చె!" మామ ఉన్నచోటే కూలబడ్డాడు.

"చెవులు చూడండి" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే పక్కింటివాళ్లు గోడమీదుగా చూశారు. "చెవులు చూడండి మామా! పిల్ల దాని ముందరనే ఉంది. ఈసారి చెవులు తలుపువైపు లేవు. ఎనక్కి పడిపోయినాయి, సుల్తాను మీద కోపంతోనే తంతాంది. నీతో నాకింగ పని లేదు పొమ్మంటాంది. చుక్కి చూడి కట్టింది!"

ఇశ్రాయేలు ముందు నవ్వాడు. ఆ నవ్వు ఆపుకోలేక సుల్తాను మెడమీద వాలిపోయాడు. "అవును మామా. పట్టింది. నా గుర్రాన్ని ఇంత గౌరవంగా ఎవరూ తరమలే." మామ లేచి చుక్కి దగ్గరికి వచ్చాడు. దాని మెడ నిమిరాడు. నన్ను చూడకుండానే, "ఈ యెండకు దానికి గడ్డి సాలదు. రేపట్నుంచి నేను కోసుకొస్తాలే" అన్నాడు. మా మామ నోట అంతకన్నా పెద్ద మాట రాదు, నాకు తెలుసు. నేను దాన్ని గట్టిగానే పట్టుకున్నాను. మరుసటి రోజు కొడవలి తెచ్చి ఆయన చేతికిచ్చాను.

కార్తీకానికి చుక్కి కడుపు పక్కలకు దిగింది. అప్పటికి ఆ చుట్టుపక్కల గోడిగలున్న ప్రతి ఇంట్లో నా పేరు తెలుసు. "అయ్యన్నా, నీ కోడలుందా?" అని వచ్చేవాళ్లు. మొదట్లో మామ "నాతో సెప్పు" అనేవాడు. తర్వాత "నన్నడిగితే నాకేం తెలుసప్పా, ఆయమ్మనే అడుగు" అనడం మొదలుపెట్టాడు. నేను పాపను అత్తకిచ్చి, కొంగు నడుముకు దోపుకుని పోయేదాన్ని. అత్త తిట్టుకుంటూనే గడపమీద కూర్చునేది. ఇప్పుడు కళ్లు మూసుకునేది కాదు. పైగా నేనొచ్చాక "ఏమాయె? నిలబడెనా?" అని గుసగుసగా అడిగేది.

ఎండలు మళ్లీ మొదలయ్యాక, ఒకరోజు మాధవరం నుంచి అబ్రహాం తన పడుచు గోడిగను తెచ్చాడు. ఇశ్రాయేలు కూడా సుల్తానుతో వచ్చాడు. సుల్తాను తాడు బసన్న చేతిలో ఉంది. గోడిగ తన్నలేదు, కరవలేదు. తల దించుకుని నిలబడిపోయింది. "నిలబడింది కదా, తేన్నా" అన్నాడు అబ్రహాం. నేను దాని చుట్టూ తిరిగాను. తోక గట్టిగా అదుముకుని ఉంది. తొడలు రాళ్లలా బిగుసుకున్నాయి. చెవులు ఏ పక్కకూ లేవు, వాలి వేలాడుతున్నాయి. అది నిలబడటం కాదు, ఎప్పుడయిపోతుందా అని చూడటం. ఆ నిలబడటం నాకు తెలుసు.

"వద్దు" అన్నాను. "ఈపొద్దు దానికి ఇష్టం లేదు. వెనక్కి పట్టుకపోండి."

అబ్రహాం సణిగాడు, అంత దూరం నడిపించుకొచ్చానన్నాడు. ఇశ్రాయేలు "ఈరమ్మ వద్దంటే వద్దే" అన్నాడు. బసన్న సుల్తాను తాడు లాగి, అంత పెద్ద పోతుగుర్రాన్ని గోడకు దూరంగా నడిపించుకుపోయాడు. అది మొండికేసింది, సకిలించింది. అతను దాని మెడ తట్టి "పా, పా, ఇష్టం లేదంట, ఇంగో పొద్దు" అని బుజ్జగించాడు. నేను అక్కడే నిలబడి ఆ మాటనే వింటూ ఉండిపోయాను. ఎంత సులువుగా అన్నాడు! ఆ మాట అతని దగ్గర ఎప్పటినుంచో ఉందన్నమాట. గుర్రాల కోసం దాచిపెట్టుకున్నాడు.

అందరూ పోయాక మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరమే మిగిలాం. అత్త అరుగు మీద పాపకు జడ వేస్తోంది, పాప అరుపులు కిటికీలోంచి వినిపిస్తున్నాయి. నాకు భయంగా లేదు. నా చెవులు నా దగ్గరే ఉన్నాయి. బసన్న తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఎప్పటిలాగే ఏమీ అడగకుండా నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను తొయ్యలేదు. బిగుసుకుపోలేదు. అతని చెయ్యి తీసి అతని ఒళ్లోనే పెట్టాను.

"ఈపొద్దు నాకు ఇష్టం లేదు" అన్నాను.

అతను నన్ను చూశాడు. కోపం రావాలా వద్దా అని తనలో తాను వెతుక్కుంటున్నట్టు అతని మొహం అటూ ఇటూ అయింది. పొద్దున తన నోటితో తానే అన్న మాట గుర్తొచ్చిందో ఏమో, కోపం దొరకలేదు. మంచం పట్టె మీద కూర్చున్నాడు. గోళ్లలో మట్టి తీసుకున్నాడు.

"మరి ఎప్పుడు?" అన్నాడు చివరికి.

పెళ్లయినప్పటి నుంచి నా ఒంటి గురించి అతను నన్ను ఒక మాట అడగడం అదే మొదటిసారి.